అత్త పోయిన మూడు రోజులు

మా అత్తను నేను ఒక ఫిబ్రవరి నెలలో నీలం ఇంకు పెన్నుతో చంపాను. ఆ పూట ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులోంచి పిక్కలు తీస్తోంది. నేను ఆవిడ పక్కనే కూర్చుని, పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద, ఆవిడ ప్రభువునందు నిద్రించిందని రాసుకుంటున్నాను.

"ఏం రాస్తన్నావే?" అని అడిగింది.

"సెలవు చీటీ అత్తా" అన్నాను. అందులో అబద్ధం లేదు.

ఇది చదివి నన్ను రాక్షసి అనుకునేవాళ్ళు ముందు మా మిల్లు సంగతి వినాలి. గుంటూరు వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది ఆ దారం మిల్లు. ఒక గేటులోంచి పత్తి బేళ్ళు లోపలికి వెళ్ళి, ఇంకో గేటులోంచి దారం కండెలై బయటికి వచ్చేవి. మా పల్లె నుంచి పదిహేను మంది ఆడవాళ్ళం మిల్లు వ్యానులో వెళ్ళి వచ్చేవాళ్ళం. నెలనెలా మా జీతంలోంచి బీమా కింద కొంచెం కోసేవాళ్ళు. దానికి ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డు చూపిస్తే దగ్గు మందు ఇస్తారని మాత్రం మాకు తెలుసు. పత్తి ధూళిలో పని కాబట్టి దగ్గుకు లోటు లేదు, కార్డు బాగానే పనికొచ్చేది.

అయితే మిరపకాయ పండితే మాకు మిల్లు గుర్తుండేది కాదు. కోత రోజుల్లో కూలి మిల్లు జీతం కంటే ఎక్కువ, పైగా ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే చేతిలో పెడతారు, అమ్మకానికి పనికిరాని తాలు కాయలు ఒళ్ళో పోస్తారు. అదొక్కటే కాదు. మిల్లులో సూపర్‌వైజరు మమ్మల్ని "ఏయ్" అని పిలుస్తాడు. ఫిబ్రవరిలో మిరప రైతు మా గుమ్మం ముందు నిలబడి "తల్లీ, రేపు మా చేలోకి రావాలి" అంటాడు. మే నెలలో అదే రైతు బజారులో ఎదురుపడితే మమ్మల్ని గుర్తుపట్టడు, అది వేరే సంగతి. ఏడాదికి రెండు నెలలైనా తల్లీ అనిపించుకోవడం మాకు బాగుండేది.

మిల్లులో ఒక మంచి పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా చనిపోతే మూడు రోజులు జీతంతో సెలవు ఇస్తారు. ఆ పద్ధతి పెట్టిన పుణ్యాత్ముడెవరో గాని మా మిరపకోతల సంగతి అతనికి తెలిసి ఉండదు. ఫిబ్రవరి వచ్చిందంటే మా పల్లెలో చావులు మొదలయ్యేవి. కాయ ముదిరేకొద్దీ మనుషులు రాలిపోయేవాళ్ళు.

పదిహేను మందిలో పది దాకా చదివింది నేనొక్కదాన్నే. చీటీలన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి. ఒకరి మేనమామని పాము కరిపించాను. ఒకరి పెత్తల్లిని పొన్నూరు ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి మరీ పంపించాను. ఒకే వీధిలో ఇద్దరు ఒకే జబ్బుతో పోకుండా జాగ్రత్తపడేదాన్ని. కూలి కింద దోసెడు మిరపకాయలో, మూర మల్లెపూలో ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నన్ను ఎవరైనా రాయడం ఎప్పుడు మొదలుపెట్టారండీ అని అడిగితే నీళ్ళు నములుతాను. నా మొదటి రచనలన్నీ చావులే.

నా మటుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. బతికున్నవాళ్ళ జోలికి పోకూడదు. మామగారు నిజంగానే పోయి చాలా కాలమైంది కాబట్టి నా వంతు చావులన్నీ ఆయన మీదే వేసేదాన్ని. ఆ ఏడు కూడా చీటీ పట్టుకెళ్తే మిల్లు గుమస్తా కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి, "మీ మామగారు పోయినేడు పోయారు గదమ్మా, అంతకు ముందేడు కూడా పోయారు" అన్నాడు. కాగితం మడిచి రవికలో పెట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆయన ట్రాక్టరు తోలతాడు, అతన్ని చంపడానికి చెయ్యి రాలేదు. మిగిలింది అత్త. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నేను అత్తనే దానం చేశాను.

చీటీ ఒక్క వాక్యంతో ముగిస్తే పేలవంగా కనిపించింది. అసలే గుమస్తాకి అనుమానం వచ్చి ఉంది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు కదా, దానికి తగ్గట్టుగా నాలుగు మంచి మాటలు చేర్చాను. ఈసారి గుమస్తా చదివి ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. మూడు రోజులు హాయిగా మిరపకాయలు కోసుకున్నాను. మూడో రోజు మా పక్క సాలులో కోస్తున్నది మా అత్తే.

ఆ ఏడు మిల్లు సరిగ్గా నడవలేదు. పత్తి ధర పెరిగిందని, కరెంటు బిల్లు కట్టలేమని వారానికి నాలుగు రోజులే రమ్మనేవాళ్ళు. ఏప్రిల్ మొదట్లో గేటుకి తాళం వేసి, పక్కన కాగితం అంటించారు. ఇకమీదట మిల్లు ఉండదు అని ఆ కాగితం సారాంశం. చదివి చెప్పింది నేనే. కొందరు ఏడ్చారు. నేను ఏడవలేదు, నాకు కోపం వచ్చింది. పదకొండేళ్ళు పని చేయించుకున్న మిల్లు ఒక మనిషిని పిలిచి నోటితో చెప్పలేకపోయింది.

కోపంతో కడుపు నిండదు. వేసవిలో మా వైపు ఆడవాళ్ళకి ఉన్న పని ఒక్కటే, కోల్డు స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీయడం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాయల కుప్ప ముందు కూర్చుని ఒక్కో తొడిమ గిల్లాలి. నేను ఆ పని చేసే స్థితిలో లేను. కోతలకి వెళ్ళీ వెళ్ళీ నా అరచేతులు పగిలి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. నీళ్ళు తగిలితేనే ప్రాణం పోయేది. బీమా డాక్టరు చూసి, మూడు నెలలు మిరపకాయ ముట్టుకోవద్దని, ముట్టుకుంటే చేతులు శాశ్వతంగా పాడవుతాయని చెప్పాడు. చేతికి పూత మందిచ్చాడు. మూడు నెలలు ఏం తిని బతకాలో దానికి మందివ్వలేదు.

ఆ దారి చూపించింది గుంటూరు బ్రాడీపేటలో నెట్ సెంటర్ నడిపే అమ్మాయి. పిల్లల సర్టిఫికెట్ పని మీద వెళ్తే నా కార్డు చూసి, "ఆంటీ, పని పోయినోళ్ళకి దీని మీద మూడు నెలలు సగం జీతం ఇస్తారు, తెలుసా?" అంది. జీవితంలో ఒక్కసారి ఇస్తారట. మా దగ్గుమందు కార్డులో ఇంత విషయం ఉందని పదకొండేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. దానికి షరతులున్నాయి. కొన్నేళ్ళుగా కార్డు ఉండాలి, ఉంది. ముందు నెలల హాజరు ఉండాలి, అదీ ఉంది. చిక్కంతా పని పోకముందు ఆరు నెలల్లో. అందులో డెబ్భై ఎనిమిది రోజులకి జీతం తీసుకుని, బీమా కట్టి ఉండాలి.

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో వెతుకుతుంటే నేను వేళ్ళ మీద నా పాపాలు లెక్కపెట్టుకున్నాను. నవంబరులో పత్తితీతకి ఎగ్గొట్టినవి, క్రిస్మస్ ముందు ఇల్లు అలుక్కోవడానికి ఎగ్గొట్టినవి, జనవరి చివరి నుంచి మిరపకోతకి ఎగ్గొట్టినవి. సూపర్‌వైజరు రమ్మన్న రోజుల్లో నేను వెళ్ళినవి ఎన్ని?

"డెబ్భై ఎనిమిది ఆంటీ. కరెక్టుగా డెబ్భై ఎనిమిది."

నాకు ఆ అమ్మాయిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. దారిలో ఒక పావుకిలో జిలేబీ కొన్నాను. ఇంట్లో అత్తకి కూడా పెట్టాను. ఎందుకే అని అడిగితే చెప్పాను. మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి డబ్బులిస్తారంటే ఆవిడ నమ్మలేదు. "కూర్చున్నదానికి ఎవడిస్తాడే డబ్బులు, ఇంకేదో ఉంది చూడు" అంది. ఆవిడ అన్నట్టే ఇంకేదో ఉంది.

దరఖాస్తు మీద మిల్లు గుమస్తా సంతకం కావాలి. మిల్లు మూతబడ్డా లెక్కలు అప్పజెప్పడానికి ఆయన రోజూ వచ్చి కూర్చునేవాడు. వారం తరవాత ఆయనే ఫోన్ చేశాడు.

"నీ డెబ్భై ఎనిమిదిలో మూడు రోజులు చావు సెలవుంది. ఆడిటర్లు కూర్చున్నారు, చావు సెలవులన్నిటికీ కాగితం చూపించమంటన్నారు. పంచాయతీది తెస్తావో చర్చిది తెస్తావో. లేకపోతే ఆ మూడు కొట్టేయాలి."

నేను కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. మూడు పోతే డెబ్భై అయిదు. డెబ్భై అయిదు అంటే తొడిమల కుప్ప. చర్చి కాగితం అడుగుదామంటే, మా చర్చి పాస్టరు అయ్యగారి ప్రసంగం జరిగేటప్పుడు మొదటి వరసలో కూర్చుని ఆయన పాట తప్పితే సరిదిద్దేది మా అత్తే. ఆవిడ పోయిందని ఆయన చేత రాయించడం ఎవరి తరం. ముందు గుమస్తా కాళ్ళావేళ్ళా పడి చూద్దామని బయల్దేరాను.

బయల్దేరుతుంటే అత్త కూడా చెప్పులేసుకుంది. గుంటూరులో కళ్ళు చూపించుకోవాలట, ఎటూ నేను వెళ్తున్నాను కదా అంది. వద్దంటే ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. దారి పొడుగునా ఆటోలో ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నేను ఊ కొడుతూనే ఉన్నాను. మిల్లు గేటు దగ్గర దిగి, "నువ్వు ఇక్కడ వాచ్‌మన్ దగ్గర కూర్చో అత్తా, రెండు నిమిషాల్లో వస్తా" అని చెప్పి లోపలికి పరిగెత్తాను.

ఆడిటర్లు భోజనానికి వెళ్ళినట్టున్నారు, గుమస్తా ఒక్కడే ఉన్నాడు. కళ్ళద్దాల పుల్ల విరిగితే మా మిల్లు దారంతోనే చెవికి కట్టుకున్నాడు. నేను చేతులు చూపించాను. డాక్టరు చెప్పింది చెప్పాను. ఆయన రాతిమనిషేం కాదు. కాసేపు చూసి, "పంచాయతీ నుంచి ఏదో ఒక ముక్క పట్రా తల్లీ, నేను తరచి చూడను" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో వెనక నుంచి గొంతు వినిపించింది.

"అయ్యా, కాసిని మంచినీళ్ళుంటే ఇప్పిస్తారా? ఆ వాచ్‌మన్ దగ్గర కుండ ఖాళీగా ఉందండి."

"ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు గుమస్తా.

"మా పెద్దమ్మండి" అన్నాను.

"పెద్దమ్మేందే?" అంది అత్త. "దీని అత్తనండి. మా అబ్బాయికి చేసుకున్నాం దీన్ని."

గుమస్తా ఆవిడకి నీళ్ళిచ్చాడు. ఆవిడ తాగేదాకా ఆగి, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. బీరువాలోంచి ఒక కట్ట తీశాడు. దారం విప్పుతూ, "మీ పల్లెలో ఆ నెలలో పదకొండు మంది పోయారమ్మా. అందరి చావూ ఒకే చేతిరాత" అన్నాడు. అత్త నావైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆయన కట్టలోంచి ఒక కాగితం లాగాడు.

"ఇది మీ గురించి" అని చదవడం మొదలుపెట్టాడు.

"గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది. మా అత్తగారు నిన్న తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజు అన్నం మాడ్చితే, మాడంతా తన కంచంలో వేసుకుని, నేను నొచ్చుకోకూడదని, మాడంటే నాకు ఇష్టం అన్నారు. నా రెండో కాన్పుకి వాగు పొంగి ఆటో రాకపోతే నన్ను మంచం మీద మోయించి, నా మొహం మీద చుక్క పడకుండా గొడుగు పట్టుకుని రోడ్డు దాకా నడిచారు. ఆవిడ తడిసి ముద్దయ్యారు. మళ్ళీ ఆడపిల్లే అని ఒకరు మూతి తిప్పితే వాళ్ళని గుమ్మం దిగమన్నారు. ఇవన్నీ నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. చెబుదామంటే ఇప్పుడు ఆవిడ లేరు. కావున మూడు దినములు సెలవు ఇప్పించగలరు."

నేను నేల చూస్తూ నిలబడ్డాను. నాకు సిగ్గు వేసింది, చచ్చేంత సిగ్గు. పదకొండు చావుల్లో పది చావులకి నేను పాముల్నీ జ్వరాల్నీ కల్పించాను. ఈ ఒక్కదానికి కల్పించడానికి ఓపిక లేక ఉన్నవే రాశాను. ఆ కాగితంలో అబద్ధం ఆవిడ పోయిందన్న మాట ఒక్కటే. మిగతా నిజమంతా సెలవు కోసం మిల్లుకి చెప్పాను గాని, అరుగు మీద పక్కనే కూర్చున్న మనిషికి చెప్పలేదు.

  అత్త నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి గుమస్తాని అడిగింది.

"నేను పోతే ఎన్ని రోజులిచ్చారండి?"

"మూడు రోజులమ్మా."

"మూడేనా. మా చెల్లెలు చీరాల నుంచి చూడ్డానికి వస్తేనే వారం ఉంటది." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "మాడు నాకు నిజంగానే ఇష్టమండి. అదొకటి తప్పు రాసింది."

గుమస్తా నవ్వి, ఆవిడకి డెబ్భై ఎనిమిది లెక్క చెప్పాడు. మూడు ఉంటే ఏమవుతుందో, పోతే ఏమవుతుందో, నా చేతుల సంగతేంటో అంతా చెప్పాడు. ఆవిడ విని, పెద్ద విషయమేం కాదన్నట్టు తల ఊపింది.

"దానికేముందయ్యా. పోయానని రాసుకోండి. నన్ను మీరు చూడలేదు, నేను మిమ్మల్ని చూడలేదు. పంచాయతీ ఆఫీసులో పిల్లాడు మావాడే, కాగితం నేనే అడిగి తెచ్చిస్తా."

ఆయన నావైపు చూశాడు. ఒప్పుకున్నట్టే ఉంది ఆ చూపు. నేను అవునంటే చాలు. మూడు నెలల జీతం, మూడు నెలల చేతులు, అన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి. తన చావు కాగితం తనే తెచ్చిస్తానని ఆ ముసలావిడ చెప్పులు సవరించుకుంటోంది. పంచాయతీ ఆఫీసు కిటికీ ముందు ఆవిడ నిలబడి, నేను పోయానని రాసివ్వరా నాయనా అని అడుగుతున్నట్టు కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీదా, మిల్లు మీదా, నా మీదా.

"కొట్టెయ్యండి సార్" అన్నాను.

"ఆలోచించుకో" అన్నాడు గుమస్తా.

"దానికేం తెలవదండి, మీరు రాసెయ్యండి" అంది అత్త.

"నువ్వు గమ్మునుండు అత్తా. కొట్టెయ్యండి సార్."

ఆయన ఎర్ర ఇంకుతో మూడు గళ్ళు కొట్టేశాడు. డెబ్భై అయిదు అని పక్కన రాసి సంతకం పెట్టాడు. ఇక ఆ చీటీతో పని లేదు కాబట్టి చింపబోతుంటే అత్త చెయ్యి చాచింది. చదవడం రాని మనిషి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కళ్ళ డాక్టరు పాత చీటీతో కలిపి సంచిలో దాచుకుంది. గుంటూరులో కళ్ళు చూపించుకుని ఇంటికి వచ్చేదాకా ఆటోలో నన్ను తిట్టింది. చావు సంగతి తిట్టలేదు. మూడు నెలల జీతం నోటిదాకా వస్తే కాలదన్నుకున్నానని తిట్టింది.

మర్నాడు తెల్లవారకముందే తొడిమల పనికి తీసుకెళ్ళే ఆటో వీధి చివర హారన్ కొట్టింది. నేను చేతులకి పాత చీర పీలికలు చుట్టుకుని, పైన ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని వెళ్ళాను. ఆటోలో ఆడవాళ్ళ మధ్య మా అత్త తలకి గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది.

"దిగు అత్తా" అన్నాను.

"నువ్వు ఇంటికి పో."

"ఈ వయసులో నీకెందుకు? నీ చేతులు మండిపోతాయి."

"నేను ఫిబ్రవరిలోనే పోయినదాన్ని" అంది. "చచ్చినదానికి మంటేందే? పో, పో. అయ్యా, పోనియ్యి ఆటో."

ఆటోలో అందరూ పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆటో కదిలింది. వెంటపడి దింపాల్సింది. దింపలేదు. నా చేతులు నిజంగా మండుతున్నాయి, ఆ మాట నాకూ ఆవిడకీ తెలుసు. ఆటో మలుపు తిరిగాక వీధిలోనే నిలబడి ఏడ్చాను. మిల్లు మూసినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఆవిడ వర్షాలు పడేదాకా వెళ్ళింది. సాయంత్రం వచ్చి మజ్జిగలో చేతులు ముంచి పెరట్లో కూర్చునేది. మండుతున్నాయా అంటే లేదనేది. నెల తిరిగేసరికి నా అరచేతుల్లో కొత్త చర్మం వచ్చింది, ఆవిడవి ఎర్రగా వాచాయి. ఒకరోజు కంచం ముందు కూర్చుని, వేడన్నంలో వేలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుంది. నేను చూడలేదనుకుంది. నేను కంచం నా వైపు లాక్కుని, పప్పు కలిపి, ముద్ద చేసి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. చిన్నపిల్లనా ఏంటి అంది. తల పక్కకి తిప్పింది. కాసేపాగి నోరు తెరిచింది.

రెండు ముద్దలు తిన్నాక, పప్పులో ఉప్పు చాలలేదు అంది.